తాయెత్తు వద్దన్నాను, నొప్పిని మాత్రం ఒప్పుకున్నాను

అమ్మా, మీకు మూత్రం వచ్చే దారీ, బిడ్డ పుట్టే దారీ ఒకటేనా, వేరువేరా? తడుముకోకుండా చెప్పగలరా? జువాలజీలో డిగ్రీ ఉన్న నేను పెళ్ళయిన ఏడాదికి కూడా చెప్పలేకపోయాను.

మాది నూజివీడు. మూడేళ్ళ కిందట, పెళ్ళయిన మొదటి వారంలోనే తేడా తెలిసింది. భర్త దగ్గరికి రాగానే ఒళ్ళు బిగుసుకుపోయేది. కత్తితో కోసినట్టు నొప్పి. ఆరు నెలలకు ఆయన కాపలా వంకతో ఆగిరిపల్లిలోని మా మామిడితోటలోనే ఉండిపోసాగారు. గాలి సోకిందని అత్తగారు తాయెత్తు తెచ్చారు. గంటసేపు వాదించి దాన్ని తిప్పి పంపాను. నొప్పి ఆడదానికి మామూలే అన్న మాటను మాత్రం ఒక్కసారీ ప్రశ్నించలేదు. తాయెత్తు కంటే పెద్ద మూఢనమ్మకం అది.

మొదట చూసిన డాక్టరు పరీక్షించకుండానే, ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుందని ఆయింట్‌మెంటు రాశారు. బిడ్డ ఎలా పుడుతుందో మాత్రం చెప్పలేదు. ఇంకొక్కచోట చూపిద్దాం, కుదరకపోతే విడిపోదాం అనుకుని, ఇద్దరం హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి ఏలూరులో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ నిదానంగా పరీక్షించారు. "దీన్ని వెజైనిస్మస్ అంటారమ్మా. నీలో లోపమేమీ లేదు. భయానికి కండరాలు బిగుస్తున్నాయి, అంతే" అన్నారు. చేతికి అద్దమిచ్చి నా శరీరాన్ని నాకే చూపించారు. తర్వాత మా ఆయన్ని లోపలికి పిలిచి, మూత్రం దారి వేరు, బిడ్డ పుట్టే దారి వేరు అంటూ కాగితం మీద బొమ్మ గీశారు.

"పైన ఈ చుక్క ఏంటండీ?" అని ఆయన అడిగారు.

"క్లిటోరిస్. దానికి వేరే పనేమీ లేదు బాబూ. ఆవిడకు సుఖమివ్వడమే దాని ఉద్యోగం."

"అయితే ఇన్నాళ్ళూ సెలవులోనే ఉందండీ" అన్నారాయన. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది.

డాక్టరుగారు కొన్నాళ్ళు కలయిక వద్దన్నారు. ముందు కండరాలు బిగించి వదిలే ఎక్సర్‌సైజులు, తర్వాత జెల్లీ రాసిన నా వేలితోనే మెల్లగా అలవాటు చేసుకోవడం నేర్పారు. తోటలో మామిడికాయ కోతలు మొదలైన వారంలో మేం తొందరపడ్డాం. నొప్పి మళ్ళీ మొదటికొచ్చింది. డాక్టరుగారు తిట్టలేదు. "నీకేది హాయో ముందు నువ్వు తెలుసుకో. తర్వాత ఆయనకు చెప్పు" అన్నారు. మూఢనమ్మకాల మీద సభల్లో మైకు వదలకుండా మాట్లాడే నాకు ఆ ఒక్కటీ చెప్పడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు నొప్పి లేదు. సుఖం ఉంది. ఆయన అడుగుతారు, నేను చెప్తాను. బిడ్డ సంగతి మేమిద్దరం తేల్చుకుంటాం, ఊరు కాదు.

నొప్పి ఉంటే ఓర్చుకోకండి. ఈ వారమే లేడీ డాక్టరును కలవండి. మీ ఆయన్ని బయట బెంచీ మీద వదిలేయకండి. లోపలికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టండి.