పొటాషియం లేని వరుస

మొన్న కొంపల్లిలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో డాక్టరమ్మ నా రక్తపరీక్ష రిపోర్టు చూసి, “పొటాషియం తక్కువుందండీ, రోజూ అరటిపళ్ళు తినండి, కొబ్బరినీళ్ళు తాగండి” అంది. పిక్కలు పట్టేస్తున్నాయని వెళ్ళినదాన్ని, ఆ మాటతో పిక్కల సంగతే మర్చిపోయాను. పొటాషియం పేరెత్తితే నాకు అరటిపండు గుర్తు రాదు, మా ఆపా గుర్తొస్తుంది. ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన పనిని నిలువునా మింగేసిన మహాతల్లి ఆ పొటాషియమే మరి.

శామీర్‌పేట దాటాక ఉన్న ఒక ల్యాబులో నేను పీహెచ్‌డీకి చేరేనాటికి ఆవిడ మా అందరికీ సీనియరు. నాది కాకినాడ వైపు, ఆవిడది ల్యాబు పక్క ఊరే. ఇంట్లో తమ్ముళ్ళు ఉర్దూలో అక్కా అని పిలిచినట్టే మేమూ ఆపా అనేవాళ్ళం. ఆవిడ అబ్బా అని పిలిచే వాళ్ళ నాన్న ఆకుకూరలు పండించి అమ్మేవాడు. కొత్తిమీర కట్టతో పాటు “మా బిడ్డ డాక్టరైతాంది” అన్న కబురు కూడా ప్రతివాళ్ళకీ అందించేవాడు. దాంతో పట్టా రాకముందే ఊళ్ళోవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో, బీపీ మాత్రలతో వాళ్ళ గుమ్మంలో దిగేవాళ్ళు. “నేను గా డాక్టర్ను గాదు చాచీ, నాకు గోలీలు దెల్వవు” అని ఈవిడ మొత్తుకున్నా వింటేగా! పొద్దున్నే వచ్చి ఆ కథలు చెబుతుంటే మాకు పొట్ట చెక్కలయ్యేది.

ఆవిడ పనంతా డీఎన్ఏ మడతలతో. డీఎన్ఏ అంటే మెలితిరిగిన నిచ్చెన బొమ్మే అందరికీ తెలుసు గానీ, కొన్ని చిన్న ముక్కలు పొటాషియం తగిలితే తమలో తామే మడుచుకుని ఉండ కట్టేస్తాయి. కంటికి కనబడని ఆ మడతని పట్టిచ్చేది జెల్. అది పల్చటి జున్ను పలకలా ఉంటుంది. పైనున్న గుంటల్లో డీఎన్ఏ పోసి కరెంటు పెడితే కిందికి పరుగు తీస్తుంది. మడత పడింది సందుల్లోంచి చులాగ్గా జారి కిందికి చేరుతుంది, పడనిది వెనకబడి పైనే ఆగిపోతుంది. ఒక వరుసలో పొటాషియం కలుపుతాం, పక్క వరుసలో కలపం. ఆపా డీఎన్ఏ మాత్రం పొటాషియం లేని వరుసలో కూడా కిందికే వచ్చేది. అంటే ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే మడత పడుతోందన్నమాట! మా గైడ్ గారు పొంగిపోయి పేపరు రాశారు. ఆపా థీసిస్ మొత్తం దానిమీదే నిలబడింది. ఫెలోషిప్ అయిపోవస్తోంది, ఆ వేసవిలో థీసిస్ ఇచ్చేస్తే ఒడ్డున పడ్డట్టే.

జెల్‌కి వాడే బఫర్ ద్రావణం మా ల్యాబులో అందరికీ కలిపి ఒకటే పెద్ద సీసా, ఉమ్మడి కాపురంలో పచ్చడి జాడీలాగా. చిక్కగా కలిపి పెట్టుకుని, కొద్దికొద్దిగా తీసి నీళ్ళు పోసి వాడేవాళ్ళం, ఒక్కో సీసా ఏళ్ళు వచ్చేది. ఎవరి చేతిలో ఖాళీ అయితే వాళ్ళు కొత్తది కలపాలి. అందుకని అందరం అడుగున కాస్త మిగిల్చి, ఏమీ ఎరగనట్టు తప్పుకునేవాళ్ళం. ఒకసారి సిగ్గేసి నేనే కొత్త సీసా కలిపాను. ఆ వారమే ఆపా జెల్‌లో పొటాషియం లేని వరుస పైనే ఆగిపోయింది. ఎండలకి జెల్ వేడెక్కిందేమో అనుకున్నాం, కరెంటు కోతలన్నాం, మళ్ళీ మళ్ళీ వేశాం. అదే తంతు. ఇక అందరూ నా వంకే చూశారు. చూడరూ మరి, మారింది నా బఫర్ ఒక్కటే. నాకు ఏడుపొక్కటే తక్కువ. గైడ్ గారు మాత్రం తేలిగ్గా, “పాత సీసాలో ఇంకాస్త ఉందిగా, దాంతో ఆఖరి జెల్ వేసి పేపరు పంపించెయ్యమ్మా” అన్నారు.

ఆపా ఆ పాత సీసాని తీసుకెళ్ళి తక్కెడ దగ్గర పెట్టింది. బఫర్ కలిపేటప్పుడు దాని పులుపు విరవడానికి తెల్లటి క్షారం బిళ్ళలు వేస్తాం. తక్కెడ పక్కన అలాంటివి రెండు డబ్బాలుంటాయి, ఒకటి సోడియంది, ఒకటి పొటాషియంది. “నువ్వు ఏ డబ్బాల బిళ్ళలేసినవ్?” అంది. సోడియందన్నాను. “మరి గీ పాతదాంట్ల పక్క డబ్బాల బిళ్ళలు ఏసుంటే?”

ఆ సీసా కలిపినవాళ్ళు ఎప్పుడో ల్యాబు వదిలి వెళ్ళిపోయారు. పొటాషియం లేదనుకున్న వరుసలో ఇన్నాళ్ళూ మేమే దాన్ని పోస్తూ వచ్చామా? తేల్చుకోవడం సులువే, పొటాషియం బిళ్ళలతో కొత్త బఫర్ కలిపి చూడటమే. డీఎన్ఏ కిందికొచ్చిందా, థీసిస్ పోయినట్టే. “వద్దు ఆపా” అన్నాను. “ఎయ్యకుంటే నీ బఫర్‌దే తప్పంటరు. రేపు నా పేపర్ సదివి ఇంకో పిల్ల గిట్లనే పరేషానైతది” అంది.

పొటాషియం బిళ్ళలతో బఫర్ కలిపి, మధ్యాహ్నమంతా ఇద్దరం ఆ జెల్ పెట్టె ముందే కూర్చుని, డీఎన్ఏతో పాటు పోసిన నీలం రంగు దిగడం చూశాం. జెల్ తీసి దీపం కింద పెట్టి చూస్తే, పొటాషియం కలపని వరుస కూడా కిందికొచ్చి కూర్చుని ఉంది, ముచ్చటగా, స్పష్టంగా. ఆపా “అయిపాయె” అంది, అంతే. అంతలో వాళ్ళ నాన్న ఫోను. “అయిందా బేటా?” అన్న మాట నాకూ వినిపించింది. “ఇంక గాలే అబ్బా, జెర టైమ్ పడ్తది” అని పెట్టేసింది.

గైడ్ గారు తిట్టలేదు, మాట్లాడటం మానేశారు. పేపరు ఆగిపోయింది, ఫెలోషిప్ అయిపోయింది. థీసిస్ మళ్ళీ మొదలుపెట్టే స్తోమత లేక ఆపా దుండిగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరిపోయింది. నాకు ఇప్పటికీ కోపమే, ఎవరి మీదో మాత్రం తెలియదు.

క్లినిక్ మెట్ల మీద నుంచే ఆవిడకి ఫోన్ చేశాను. రిపోర్టు సంగతి విని, “వామ్మో, అప్పుడు వద్దంటే వచ్చె, గిప్పుడు కావాలంటే లేదా నీకు?” అంది. పడీపడీ నవ్వుకున్నాం. నవ్వు సద్దుమణిగాక, ఊళ్ళో ఇంకా మందులడుగుతున్నారా అన్నాను. “అందరు బంద్ జేసిన్రు. అబ్బా ఒక్కడే డాక్టర్ అంటడు.” థీసిస్ ఆగిపోయిందని ఆయనకి చెప్పలేదా అని అడిగాను.

“చెప్తా. జెర టైమ్ పడ్తది” అంది. ఆ జెర టైమ్ ఇన్నేళ్ళుగా పడుతూనే ఉంది.