వరదప్ప నాడె, మస్కట్ విమానం

వరదప్ప రోజూ పొద్దున దీపం పెట్టి, మగ్గం గుంటలో కాళ్లు దించి, నాడెను కళ్లకద్దుకొని, పడుగు పోగుల మధ్య ఒకసారి అటూ ఒకసారి ఇటూ పంపి చెవి పెట్టి వినేవాడు. రెండు చప్పుళ్లూ ఒకే తీరుగా రావాలి. ఒకవైపు ఆలస్యమైతే ఎక్కడో చిక్కు ఉన్నట్టే. దాన్ని వెతికి తీసేదాకా నేత మొదలుపెట్టడు. గుడియాత్తంలో మా వీధి ఆ చప్పుడుతోనే లేచేది.

తల్లి లేని మేనకోడలు సుజితను పెంచింది ఆయనే. వేలూరులో నర్సు చదువు ముగించిన ఆ పిల్లకు మస్కట్‌లో పని కుదిరింది. శుక్రవారంలోగా పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. సత్తువాచారి నుంచి ఏజెంటు రాజ్‌మోహన్ దానికోసమే వచ్చాడు.

“ఆడ కష్టమైతే బిడ్డ ఎట్ల వస్తాది?” అన్నాడు వరదప్ప.

రాజ్‌మోహన్ ఫోనులో విమానాల వేళలు చూపించాడు. చెన్నైలో తొమ్మిదికి ఎక్కితే పదకొండుంబావుకి మస్కట్. అక్కడ పన్నెండుకి ఎక్కితే సాయంత్రం అయిదుకి చెన్నై.

వరదప్ప ముఖం మారింది. “పోయేదానికి రెండు గంటల చిల్లర, వచ్చేదానికి అయిదా? దోవ ఒకటే కదప్పా! బిడ్డను నడిదోవలో యాడ దించేస్తావు?”

“అక్కడి టైము వేరే, పెద్దాయనా.”

“టైము కూడా ఊరికొకటి అమ్ముతాండారా మీరు?”

అంత అనుమానంలోనూ, ఎండలో పడి వచ్చినవాడని ఫ్యాను అతనివైపు తిప్పాడు. పాస్‌పోర్టు మాత్రం నూలు పెట్టెలోంచి కదల్లేదు.

“నన్ను నమ్మవా మామా?” అని సుజిత కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నిన్ను నమ్ముతా తల్లీ. నిన్ను తీసకపోయేవాణ్ణి నమ్మను.”

గురువారం మధ్యాహ్నం ఎదురింటి మునియమ్మ వచ్చింది. ఆమె కొడుకు పాపన్ మస్కట్‌లోనే మేస్త్రీ పని చేస్తాడు.

“నీ నాడెకు రెక్కలుండాయా, విమానానికి దాన్ని కొలత పెడతాండావు?” అంటూ కొడుక్కి ఫోను కలిపి ఆయన చేతికిచ్చింది. ఆ మాట ఆమె నోట దేవుడే పలికించాడేమో.

“అన్నం తిన్నావా పాపన్?” అన్నాడు వరదప్ప, అలవాటు కొద్దీ.

“ఇంకా అన్నం గంట కొట్టలేదన్నా. ఇప్పుడే పదకొండున్నర.”

వరదప్ప గోడ గడియారం చూశాడు. ఒంటిగంట. తాను తిని చేయి కడిగి ఎంతసేపో అయింది. పాపన్ విడమరిచి చెప్పాడు: అక్కడి గడియారం గంటన్నర వెనక, పోయేటప్పుడు అంత మిగిలినట్టు, వచ్చేటప్పుడు అంత పోయినట్టు కనబడుతుంది.

వరదప్ప వేళ్లు మడిచి లెక్కేశాడు. “అట్ల చూసినా పోయేదే కొంచెం ఎక్కువ ఉండాదే?”

“ఎదురుగాలన్నా! పేర్ణాంబట్టు రోడ్డులో సైకిలు తొక్కలేదా నువ్వు?”

వరదప్ప పెట్టె తెరిచి, పాస్‌పోర్టుకు అంటిన నూలు పోగులు దులిపి సుజిత చేతిలో పెట్టాడు. తరువాత ఫోను పట్టుకొని వీధిలోకి నడిచి, గొంతు తగ్గించాడు.

“పాపన్, ఒక్క ఉపకారం చెయ్యి నాయనా. బిడ్డ వచ్చే పొద్దు ఏర్‌పోర్టు వాకిట్లో నిలబడు. బిడ్డ దిగింది కంటితో చూసి నాకు ఫోను చెయ్యి. నేను పంపినానని మాత్రం దానికి చెప్పొద్దు.”