సెలవు దొరకని పరుగు

గల్ఫ్‌లో, అల్ సద్ అనే చోట నేను పనిచేసే లేడీస్ జిమ్‌లో రిసెప్షన్ గోడ మీద ఆమె పోస్టర్ ఉంటుంది. తన దేశం తరఫున పరుగెత్తినప్పుడు తీసిన ఫొటో అది. జెర్సీ మీద దేశం పేరు ఉన్నచోట మా జిమ్ స్టిక్కర్ అంటించారు. ఎవరికీ తెలియని ఆ పేరు చూసి ఎవరు చేరతారని మా మేనేజర్ మేడమ్ అంది. ఆవిడది భీమవరం.

పోస్టర్‌లో ఉన్నామె పసిఫిక్‌లోని ఒక చిన్న ద్వీప దేశం నుంచి వచ్చింది. మా దగ్గర ట్రైనర్. నాకు కొత్తవాళ్లతో మాట పెగలదు. కౌంటర్ కింద పుస్తకం దాచుకుని తల దించుకుని కూర్చునేదాన్ని. ఆమే పలకరించింది. ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లం. వాళ్ల దీవిలో ట్రాక్ లేదట. విమానాల రన్‌వే మీదే ప్రాక్టీసు. సైరన్ మోగితే పిల్లలు, కుక్కలు, ఆమె అందరూ పక్కకు తప్పుకోవాలి. విమానం దిగాక మళ్లీ మొదలు. అలా నేర్చుకున్న వంద మీటర్ల పరుగుతోనే పెద్ద పోటీలకు వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ మొదటి రౌండ్‌లోనే ఆగిపోయింది.

"అంటే చివర వచ్చావా?" అని ఒక మెంబర్ నవ్వింది.

"అవును. కానీ మా దేశంలో నన్ను దాటే ఆడది లేదు. మీ దేశంలో మీరు ఎన్నో స్థానం?"

ఆ మెంబర్ నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ లోపలికి పోయింది.

ఈ ఏడాది ఆ దీవుల దేశాల మధ్య పోటీలు జరిగాయి. పెద్ద దేశాలు రావు కాబట్టి ఫైనల్ చేరే అవకాశం ఆమెకు మొదటిసారి కనిపించింది. చివరి అవకాశం కూడా అదే. తర్వాత ఆమె చోటు వేరే అమ్మాయికి ఇస్తామని వాళ్ల జట్టువాళ్లు చెప్పేశారు. సెలవు చాలా ముందే అడిగింది. మేడమ్ "చూద్దాం" అంటూ నెలలు గడిపి, టికెట్ తీసుకోవాల్సిన వారంలో కుదరదంది. ఉద్యోగం మానేసి వెళ్తే తిరిగి రావడానికి వీసా ఉండదు.

"ఆమె ముందే అడిగింది గద మేడమ్" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"వెళ్ళినా మొదటి రౌండుకే తిరిగొచ్చేస్తుందిగా అమ్మాయ్. ఆ పదమూడు సెకన్ల ముచ్చటకి రెండు వారాలు సెలవా? మనకిది సీజను. యల్లా, కానివ్వు, ఫోను మోగుతోంది చూడు."

ఫోన్ తీశాను. ఆ వారమే మేడమ్ కొత్త ఆఫర్ పెట్టింది, అంతర్జాతీయ స్ప్రింటర్‌తో కలిసి పరుగెత్తండి అని. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ నేనే ఆ మాట చదివి వినిపించాలి. కోపం వస్తే నాకు ముందు ఏడుపొస్తుంది. చూసినవాళ్లు మెత్తనిది అనుకుంటారు. అందుకు ఇంకా మండుతుంది.

పోటీ రోజు వచ్చింది. అక్కడ సాయంత్రం, మాకు ఉదయం. అక్కడి అమ్మాయిలు లైన్ మీద నిలబడే వేళకు ఆమె లోపల ట్రెడ్‌మిల్ పక్కన నిలబడి, రొప్పుతున్న ఒకావిడకి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని చెబుతోంది. గడియారం వైపు వీపు పెట్టుకుని నిలబడింది.

అప్పుడే ఐన్ ఖాలిద్ ఏరియా నుంచి ఒక తెలుగావిడ చేరడానికి వచ్చింది. పోస్టర్ చూసి, "ఈమె నిజంగా దేశానికి పరుగెత్తిందా, ఊరికే వేశారా?" అంది.

"నిజంగానే పరుగెత్తింది. ఇప్పుడు, ఈ నిమిషంల గూడ పరుగెత్తాల్సింది. మేము సెలవియ్యలే."

మేడమ్ గదిలోంచి బయటికొచ్చింది. "ఏంటమ్మా ఆ మాటలు, కస్టమర్ ముందు?"

"ఉన్నదే చెప్పిన మేడమ్."

లేచి పోస్టర్ దగ్గరికి వెళ్లాను. స్టిక్కర్ అంచు గోటితో గీకాను. కళ్లలో నీళ్లు. వెనక మేడమ్ ఏదో అంటోంది. స్టిక్కర్ పీలికలుగా ఊడి, దేశం పేరులో మొదటి అక్షరాలు బయటపడ్డాయి. మిగతావి జిగురు కింద ఉన్నాయి. గోరు విరిగింది. ఇంకో వేలు పెట్టాను.