ప్లేటులో పనిచేసిన మందు

2022 వానాకాలం నాటి మాట. ఖమ్మంలోని ఒక దవాఖానా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో నేను అప్పటికే చాలా ఏళ్లుగా టెక్నీషియన్‌ని. సత్తుపల్లి బొగ్గుగనుల నుంచి టేకులపల్లి అడవి ఊళ్ల దాకా ఎవరి పుండు మానకపోయినా, ఆ చీము చివరికి మా బల్ల మీదికే వచ్చేది. అందులో ఏ బాక్టీరియా ఉంది, అది ఏ మందుకు చస్తుంది అని చూసే పరీక్షను కల్చర్ అండ్ సెన్సిటివిటీ అంటారు. బాక్టీరియాను ప్లేటులో పెంచి, యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితం బిళ్లలు దాని మీద పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని జోన్ అంటాం.

యాకూబ్ చాచా ప్లేటులో చాలా బిళ్లల చుట్టూ ఆ ఖాళీ లేదు.

ఆయన కల్లూరులో టైలర్. షుగర్ మనిషి. కుడి మడమ మీద పుండు లేస్తే మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకునేవాడు. నొప్పి తగ్గగానే ఆపేసేవాడు. మళ్లీ లేస్తే మళ్లీ అవే. నెలల తరబడి ఇలా జరిగేసరికి చావకుండా మిగిలిన బాక్టీరియా రాటుదేలిపోయింది. భార్య పోయింది. దుకాణంలో ఆయనతో పాటు కుట్టే కూతురు షబానాయే దవాఖానాలోనూ తోడు.

రిపోర్టు కోసం షబానా వార్డు నుంచి తనే దిగి వచ్చింది.

"ఏ మందుకన్న లొంగుతదా అక్కా?"

"ఒకటి రెండు ఉన్నయమ్మా. కిడ్నీలకు కష్టం. డాక్టర్లు చూసుకుంట ఇస్తరు."

"కాలు తీసుడు పడ్తదేమో అంటున్నరు. అబ్బాకు ఇంక చెప్పలే."

మరో శాంపిల్ తీయడానికి నేను వార్డుకు వెళ్లినప్పుడు చాచా కళ్లు మూసుకుని ఉన్నాడు. దుప్పటి కింద కుడి పాదం మెల్లగా కదులుతోంది. "నిద్రల గూడ మిషన్ తొక్కుతనే ఉంటడు," అంది షబానా. ఆయన కళ్లు తెరిచాడు. "ఈడ అన్ని సప్పుళ్లు ఉన్నయి బేటీ, నా మిషన్ సప్పుడే లేదు. నిద్రెట్ల పడ్తది?"

ఆ రోజుల్లో మా డాక్టర్ మేడం మిరియాల్లోని పైపరిన్ అనే పదార్థం మీద ఒక అధ్యయనం చేస్తోంది. కొన్ని బాక్టీరియాలు లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడేస్తాయి. ఓపెన్‌కాస్ట్ గనిలో నిండిన వాననీళ్లను మోటర్లు పెట్టి తోడినట్టే. ఆ తోడే ఏర్పాటును ఎఫ్లక్స్ పంప్ అంటారు. పంపు ఆగిపోతే మందు లోపలే నిలిచి పనిచేస్తుంది. మొక్కల్లో దొరికే కొన్ని పదార్థాలు ఆ పంపును ఆపగలవు. పైపరిన్ వాటిలో ఒకటి.

చాచా ఒప్పుకున్నాక ఆయన బాక్టీరియాను రెండు ప్లేట్లలో వేశాను. రెండో దానిలో కొద్దిగా పైపరిన్ కలిపాం, దానంతట అది దేన్నీ చంపలేనంత కొద్దిగా. రెండింటిలోనూ సిప్రో అనే ఒకే యాంటీబయాటిక్ బిళ్ల. మర్నాడు చూస్తే మొదటి ప్లేటులో బాక్టీరియా బిళ్లను ఆనుకుని పెరిగింది. రెండో దానిలో బిళ్ల చుట్టూ శుభ్రమైన ఖాళీ. మేడం నమ్మక మళ్లీ చేయించింది. మళ్లీ అదే వచ్చింది.

షబానాకు మేడమే చూపించి చెప్పింది.

"మిరియాలేనా మేడం? మా ఇంట్ల డబ్బ నిండ ఉన్నయి."

మేడం ఆమెను కూర్చోబెట్టింది. "ప్లేటు వేరు, మనిషి వేరమ్మా. ఇది ఎముక దాకా పోవాలంటే ఎంత ఇయ్యాలె, అంత ఇస్తే ఏమైతది, ఎవరికీ తెల్వదు. వేరే మందుల జోరు గూడ పెంచుతది. పుండు మీద పొడి గిట్ల చల్లకు."

"ఎప్పుడు తెలుస్తది?"

"ఏండ్లు పడ్తది."

"అబ్బా కాలుకు అంత టైమ్ లేదు గద."

ఆమె ప్లేటు పట్టుకుంటానని చెయ్యి చాచింది. ముట్టుకోకూడదని నేనే వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. చాలాసేపు ఆ ఖాళీనే చూసింది. "ఇదే అబ్బా కాలైతే ఎంత బాగుండు," అంది.

బాక్టీరియా అప్పటికే ఎముకలోకి దిగింది. కిడ్నీలను కనిపెట్టుకుంటూ ఇచ్చిన గట్టి మందు ప్రాణం నిలిపింది గానీ, కాలును మోకాలి కింద తీసేయక తప్పలేదు. ఆపరేషన్ సంగతి తండ్రికి షబానాయే చెప్పింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడట.

కోలుకున్నాక ఎడమ కాలితో మోటర్ మిషన్ నేర్చుకున్నాడు. మొన్న షుగర్ పరీక్షకు వచ్చి, కర్ర ఊతంతో మా ల్యాబ్ గడప దాకా నడిచాడు.

"ఆ మిరియాల మందు వచ్చిందా బేటీ?"

"ఇంక రాలే చాచా. పని నడుస్తనే ఉంది."

"నాకోసం కాదులే. రావాలె."

ఇప్పుడు రిపోర్టు ఇచ్చే ప్రతిసారీ, మాత్రలు మధ్యలో ఆపారా అని అడుగుతాను. ప్లేటులో పనిచేసే మందు ఉందట గదా అని ఎవరైనా ఆశగా అడిగితే, ఉంది, కానీ మీదాకా ఇంకా రాలేదు అని రెండు మాటలూ కలిపే చెబుతాను. అలా చెప్పడం ఆ తండ్రీకూతుళ్ల దగ్గరే నేర్చుకున్నాను. రెండో మాట చెప్పే అవసరం లేని రోజు నేను రిటైరయ్యేలోపు రావాలని నా కోరిక.