కుడి చెవికి వినపడ్డ పిలుపు

దయ్యాల వార్తలు కొట్టేయడం నా ఉద్యోగంలో ఒక భాగం. కామారెడ్డిలో పేపర్ డెస్కు మీద కూర్చుని చాలా ఏళ్లయింది. పోచారం చెరువు కట్ట మీద దీపం తిరుగుతోందని, గాంధారి దారిలో తెల్లచీర ఆమె ఎవరో ఆటో ఆపిందని విలేకరులు రాసి పంపుతుంటారు. నేను ఫోన్ చేసి మూడే మాటలు అడుగుతాను. ఎవరు చూశారు? పేరు వేయడానికి ఒప్పుకుంటారా? ఎన్ని గంటలకు? ఇంతవరకు ఒక్కరూ మూడింటికీ జవాబు చెప్పలేదు. వార్త బుట్టలోకి పోయేది. దయ్యాల మీద నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు.

ఇప్పుడు రాస్తున్న దానికి మొదటి రెండు ప్రశ్నలకు నా దగ్గర జవాబుంది. మూడోదానికి లేదు. నన్ను తినేస్తున్నది అదే.

ముందు లింబాద్రన్న గురించి చెప్పాలి. ఎల్లారెడ్డిలో మా పేపర్ ఏజెంటు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ప్రతి ఆదివారం నేను కామారెడ్డి నుంచి సైకిల్ మీద బయల్దేరేవాణ్ని. ఆయన పేపర్లు వేయడం ముగించుకుని లింగంపేట దాకా సైకిల్ మీదే ఎదురొచ్చేవాడు. అక్కడ చాయ్ తాగి, ఇద్దరం కలిసి ఎల్లారెడ్డిలో వాళ్లింటికి పోయేవాళ్లం. ఒంట్లో ఓపికుంటే పోచారం దాకా కూడా తొక్కేవాళ్లం. పోను రాను ఎనభై కిలోమీటర్లకు తక్కువ కాకుండా ఏళ్ల తరబడి సాగిన అలవాటు ఇది.

నా కుడి చెవి చిన్నప్పుడే చీము పట్టి పోయింది. ఇక పనిచేయదని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. ఒంటి చెవితో రోడ్డెక్కితే ఒక చిక్కుంది. వెనక బండి వస్తోందని తెలుస్తుంది కానీ, ఏ పక్క నుంచి వస్తోందో, ఎంత దగ్గర ఉందో తెలియదు. అందుకే లింబాద్రన్న ఎప్పుడూ నా వెనక, కొంచెం కుడి పక్కగా ఉండేవాడు. లారీ వస్తే అరిచేవాడు: "సారూ, ఎడ్మకు!" ఆ మాట వింటే నేను ఆలోచించేది ఉండదు. హ్యాండిల్ దానంతటదే ఎడమకు తిరిగేది.

"ఇన్నేండ్లు నీ ఎనుక తిరిగిన, నీ మొఖం కంటె నీ వీపే బాగ గుర్తుంది సారూ," అని నవ్వేవాడు.

పోయిన వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. హైదరాబాద్ ఆస్పత్రిలో చెప్పింది ఒకటే: తెలిసిన మనుషులు తెలిసిన సంగతులు చెబుతూ ఉండండి, మాట తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

అందుకని ఆదివారాలు మానలేదు. ఒక్కణ్నే తొక్కుకుంటూ పోయి, ఆయన మంచం పక్కన కూర్చుని దారంతా చెప్పేవాణ్ని. తాడ్వాయి దగ్గర కుక్క వెంటపడిందని, రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోశారని, ఫలానా మూల మలుపులో ఇంకా గుంత పూడ్చలేదని. ఆయన కళ్లు ఆర్పకుండా వినేవాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింటాడని వాళ్లావిడ సత్తెవ్వ వదిన చెప్పేది.

అలాంటప్పుడు ఆఫీసువాళ్లు నన్ను రెండు వారాలు ఒమన్ పంపించారు. మన జిల్లా నుంచి పోయిన కూలీల మీద వరుస కథనాలు రాయాలి. బయల్దేరే ముందు లింబాద్రన్న చెయ్యి పట్టుకుని, "అక్కడ కూడా సైకిల్ తొక్కుతా, ఫోన్‌లో దారంతా చెబుతా" అని మాటిచ్చాను.

మాట ఇవ్వడం తేలికే. అక్కడ సైకిల్ దొరకడమే గగనమైంది.

మస్కట్‌లో సముద్రం పక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉంది. ఆ తీరం బాట దాటి పోకూడదన్నారు. ఇంకో దుకాణంలో మంచి గేర్ల సైకిళ్లున్నాయి కానీ, అక్కడ ఉండేవాళ్ల గుర్తింపు కార్డు కావాలి. సైకిల్ క్లబ్బు వాళ్లకు ఫోన్ చేస్తే, సభ్యత్వం తీసుకుంటే వచ్చే నెల చూద్దామన్నారు. వచ్చే నెల నేను ఇక్కడ ఎందుకుంటాను? హోటల్‌వాళ్లు కసరత్తు గదిలో నేలకు బిగించిన సైకిల్ చూపించారు. దాని మీద ఎంతసేపు తొక్కినా ఎదురుగా కనపడేది ఒక గోడ.

నన్ను కార్లో తిప్పే గంగాధర్‌ది కామారెడ్డే. అతన్ని అడిగితే నెత్తి కొట్టుకున్నాడు. "సార్, కారుండంగ సైకిల్ ఏంది సార్? ఎవలన్న చూస్తె నా ఇజ్జత్ పోతది. ఈడ సైకిల్ తొక్కేటోళ్లంత లేబరే."

"నేనేమన్నా సేట్‌నా?" అన్నాను. అయినా ఒప్పుకోలేదు.

దీనికి తోడు అక్కడ ఆదివారం పనిరోజు. సెలవు శుక్రవారం. మొదటి ఆదివారం పొద్దుటి నుంచి కూలీలుండే క్యాంపుల చుట్టూ కార్లోనే తిరిగాను. సాయంత్రం ఎల్లారెడ్డికి ఫోన్ చేసి, లింబాద్రన్న చెవి దగ్గర పెట్టించి, సముద్రం గురించీ కొండల గురించీ ఏదో చెప్పాను. కాసేపటికి సత్తెవ్వ వదిన ఫోన్ తీసుకుంది.

"మొఖం గోడకు తిప్పుకున్నడు సారూ. బువ్వ ముడ్తలేడు. నువ్వు సైకిల్ తొక్కలేదని ఎరుకైంది ఆయనకు."

ఎట్లా ఎరుకైందో నేను అడగలేదు. ఆ రాత్రి నా మీద నాకే కోపం వచ్చింది. మంచంలో పడున్న మనిషికి మిగిలిన ఒక్క దారినీ నేనే తెంపినట్టయింది.

వారం మధ్యలో మస్కట్‌కు చాలా దూరంగా, లోపలి ఊళ్ల వైపు ఉన్న ఒక కూలీల క్యాంపుకు పోయాం. రెండు రోజులు అక్కడే బస. అక్కడ వంట చేసే రాములుది గాంధారి దగ్గర తండా. కూరగాయలు తేవడానికి అతనికో సైకిల్ ఉంది. గేర్లు మారవు, ముందు బ్రేకు లేదు, వెనక క్యారేజీకి ప్లాస్టిక్ డబ్బా కట్టి ఉంది. నా కళ్లకు అది రథంలా కనపడింది. శుక్రవారం పొద్దున ఇస్తావా అని అడిగాను.

రాములు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "పోయినసారి ఒక పేపరాయన వచ్చి మా ఫోటోలు దీస్కపోయిండు. పేపర్ల రాలే. గీ సైకిల్ గూడ గట్లనే పోతదా సారూ?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. రాములూ నవ్వి, తనే పానా తెచ్చి సీటు ఎత్తు చేసిచ్చాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరాను. గంగాధర్ ఫోన్ చేసి వెనక్కి రమ్మంటాడని ఫోన్ ఆపేసి సంచీలో పడేశాను. చేతి గడియారం క్యాంపులోనే వదిలేశాను. సైకిల్ తొక్కుతున్నానని ఇంటికీ చెప్పలేదు, ఎల్లారెడ్డికీ చెప్పలేదు. తొక్కి వచ్చాకే చెబుదామనుకున్నాను. మళ్లీ ఏదన్నా అడ్డం పడితే ఆయన ఇంకోసారి మొహం తిప్పుకోవడం నేను తట్టుకోలేను.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడి పక్కన పోతాయి. నేనూ కుడి అంచునే పోవాలి. అంటే నా పనికొచ్చే ఎడమ చెవి బండ్ల వైపు, పనికిరాని చెవి ఇసుక వైపు. నాకిదే మేలు, లింబాద్రన్న లేకున్నా నడిచిపోతుంది అనుకున్నాను. సెలవురోజు కాబట్టి రోడ్డు దాదాపు ఖాళీ. రాళ్లు, ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడా చెట్లు. ఒక చెట్టు కింద ఆగి చూస్తే జమ్మి. మన జమ్మే. దసరాకు నేనూ లింబాద్రన్నా ఒకరి చేతిలో ఒకరం పెట్టుకునే ఆకు. నాలుగు రెబ్బలు తెంపి జేబులో వేసుకుని వెనక్కి తిరిగాను.

తిరుగుదారిలో ఎడమ నుంచి గాలి లేచింది. ఎడమ చెవి నిండా గాలి హోరే. ఇంకేమీ వినపడటం లేదు. తల వంచుకుని తొక్కుతున్నాను. కాళ్లు లాగుతున్నాయి.

అప్పుడు వినపడింది. "సారూ, ఎడ్మకు!"

లింబాద్రన్న గొంతే. లారీ మరీ దగ్గరికొచ్చినప్పుడు అరిచే అరుపు. వెనక నుంచి, కుడి పక్క నుంచి వచ్చింది. ఇంకో మాట రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది, కానీ రాయాలి. అది నా కుడి చెవికి వినపడింది. చిన్నప్పటి నుంచి ఆ చెవిలో ఏ శబ్దమూ పడలేదు. పడితే ఎట్లా ఉంటుందో కూడా నాకు గుర్తులేదు. ఆ క్షణం మాత్రం తెలిసింది.

చేతులు వాటంతటవే హ్యాండిల్ తిప్పాయి. సైకిల్ అడ్డంగా రోడ్డు మధ్యలోకి పోయింది. ఆ వెంటనే నేనున్న చోటు మీదుగా, నాకు కుడి పక్క నుంచి ఒక నీళ్ల ట్యాంకర్ దూసుకుపోయింది. దాని చక్రాలు సగం రోడ్డు మీద, సగం ఇసుకలో ఉన్నాయి. చాలా దూరం పోయి ఒక ఇసుక దిబ్బకు తగిలి ఆగింది.

డ్రైవర్ దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పాకిస్తాన్ మనిషి. నేను కామారెడ్డివాణ్ని కాబట్టి ఉర్దూలో మాట కలిసింది. కునుకు పట్టిందన్నాడు. హారన్ కొట్టలేదన్నాడు. నా చెయ్యి వదలకుండా, ఎందుకు పక్కకు తిరిగావని మళ్లీ మళ్లీ అడిగాడు. దోస్తు పిలిచాడని చెప్పాను. అతను వెనక్కి తిరిగి రోడ్డంతా చూశాడు. ఎవరూ లేరు. అతని పేరు నేను అడగలేదు. పేరు లేని వార్తను ఏనాడూ ఒప్పుకోని నేను అక్కడ పేరడగడం మరిచిపోయాను.

క్యాంపు దాకా సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను. దారిలో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏళ్ల అలవాటు, అలసట, ఎక్కడో అడుగున ట్యాంకర్ శబ్దం తెలిసి మెదడు ఆ మాట పలికించింది. అయితే మెదడు చెప్పాల్సింది కుడికి పొమ్మని, ఇసుకలోకి. ఆ దేశంలో ఎడమకు తిరగడమంటే బండ్ల కిందికి పోవడం. కుడికి తిరిగి ఉంటే ఇది రాయడానికి నేను లేను. సరే, అలవాటు తప్పు చేసింది, ఆ తప్పే కలిసొచ్చింది అనుకున్నాను. అంతవరకే అయితే ఈ వార్తను కూడా నేనే కొట్టేసేవాణ్ని.

చాలాసేపటికి ఫోన్ ఆన్ చేశాను. చేసిన కాసేపటికే సత్తెవ్వ వదిన నుంచి ఫోన్. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"సారూ, మీ దోస్తు నోరు తెర్సిండు! గొంతు చించుకొని ఒర్లిండు. బీడీలు చేస్తుంటిమి, ఒక్కసారే ఉల్కిపడ్డం. నా చాట కింద పడ్డది."

"ఏమన్నడు వదినె?"

"'సారూ, ఎడ్మకు' అన్నడు. పక్కకు మర్లవెట్టుమంటున్నడనుకొని ఎడ్మ దిక్కు పండవెట్టినం. మల్ల మాట లేదు."

నేను అడిగిన మొదటి ప్రశ్న నా ఉద్యోగం నేర్పిన ప్రశ్నే. "ఎన్ని గంటలకు?"

ఆమెకు కోపం వచ్చింది. "గడియారం ఎవలు చూసిండ్రు సారూ? మాట పోయిన మనిషి మాట్లాడిండంటె గడియారం జూస్తరా?"

డోంగ్లిలో ఉన్న బిడ్డకు, చుట్టాలకు అందరికీ చెప్పాకే ఆమె నాకు ఫోన్ చేసింది. నేనా, గడియారం లేకుండా, ఫోన్ ఆపేసి పోయిన మనిషిని. రెండు దేశాల గడియారాలకు గంటన్నర తేడా. ఇక నేనేం లెక్క వేయాలి?

తిరిగి వచ్చిన వారమే ఎల్లారెడ్డి పోయి, ఆ పొద్దున సత్తెవ్వ వదినతో బీడీలు చేస్తూ కూర్చున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. మాట దగ్గర తేడా లేదు, అందరూ ఒకటే చెప్పారు. సమయం దగ్గర ఎవరికి వారే. బడి ఆటో పోయినాక అని ఒకామె. ఇంకా రాలేదని ఇంకొకామె. ఎండ గడప మీదికి వచ్చిందని మూడో ఆమె. ఆయన అరిచింది నాకు వినపడక ముందా, తర్వాతా, అప్పుడేనా, తేలలేదు. ముందైతే ఒక రకంగా, తర్వాతైతే ఇంకో రకంగా అర్థంకాదు. ఎట్లా చూసినా అర్థంకాదు.

లింబాద్రన్ననే అడిగాను. జమ్మి ఆకు ఎడమ చేతిలో పెట్టాను. కళ్లకద్దుకున్నాడు. "అన్నా, శుక్రవారం నన్ను పిలిచినవా?" అన్నాను. నా వైపు చూశాడు. కదిలే సగం పెదవితో నవ్వాడు. అది అవునో కాదో, పిచ్చి ప్రశ్న అడిగానన్న నవ్వో తెలియదు. ఆయన నన్ను పిలిచిన ఏ రోజూ నేను ఆయన ముఖం చూడలేదు. పిలిచే ముఖం ఎట్లా ఉంటుందో నాకేం తెలుసు?

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. సత్తెవ్వ వదిన మాత్రం ఆశ వదల్లేదు. పోయిన నెల నన్ను వాకిట్లో ఆపి అడిగింది. "సారూ, మల్ల ఒకసారి ఆ దేశం పోయి రారాదూ? నువ్వు ఆడ తొక్కితె ఈడ మాట్లాడ్తడేమో."

ట్యాంకర్ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

మొన్న ఆదివారం లింగంపేట దాటాక వెనక ఏదో పెద్ద బండి వస్తున్నట్టు ఎడమ చెవికి తెలిసింది. ఏ పక్క నుంచో, ఎంత దగ్గరో తెలియలేదు. నేను పక్కకు జరగలేదు. ఆ పిలుపు వస్తుందేమోనని కుడి చెవిని వెనక్కి పెట్టి, రోడ్డు మీదే నేరుగా తొక్కాను. కొద్దిసేపే. లారీవాడు హారన్ మోత మోగించి, తిట్టుకుంటూ, నన్ను రాసుకున్నట్టే దాటిపోయాడు. కుడి చెవిలో ఏమీ లేదు.

సైకిల్ దిగి, కాసేపు రోడ్డు పక్కన కూర్చున్నాను. తర్వాత ఎల్లారెడ్డి పోయి, మంచం పక్కన కూర్చుని, ఎప్పటిలాగే దారంతా చెప్పాను. లారీ ఊసెత్తలేదు. లేవబోతుంటే లింబాద్రన్న ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

ఎందుకు పట్టుకున్నాడో కూడా నాకు తెలియదు.