పీచు లేచిన ముక్క

మా మందిరంలో ప్రసంగపీఠానికి ముందువైపు ఒక కొబ్బరి చెక్క పలక బిగించి ఉంది. దాని మీద ఒక బైబిలు వాక్యం చెక్కి ఉంది. ఆదివారం వచ్చినవాళ్ళంతా దానికి ఎదురుగానే కూర్చుంటారు. అది ఎవరు చేశారని అడిగితే మా బావమరిది పేరు చెబుతారు. ఆ పలక నేను చేయవలసింది. ఈ సంగతి ఇంట్లో ఎత్తితే మా ఆవిడ "మళ్ళీ మొదలెట్టేరా" అంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం మధ్యలో అడ్డురాదు.

నేను రాజోలు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చెక్కపని నా సరదా. కొన్నేళ్ళ క్రితం విడిభాగాలుగా వచ్చే చిన్న సి.ఎన్.సి. రౌటర్ ఒకటి తెప్పించుకుని నేనే బిగించుకున్నాను. బల్ల మీద పట్టేంత మెషిన్. కంప్యూటర్లో మనం గీసిన గీత వెంట, గిర్రున తిరిగే బిట్ నడిచి చెక్కలో అక్షరాలూ పువ్వులూ తవ్వుతుంది. పెరట్లో కొబ్బరికాయలు పోసుకునే పాకలో ఒక మూల ఖాళీ చేసి దాన్ని పెట్టాను. అది నడిచినంతసేపూ ఇంటినిండా సన్నటి చెక్కపొడి. మా బావమరిది దానికి "బావగారి పిండిమర" అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడింది.

అతను మా ఆవిడకు తమ్ముడు. రాజోలు సెంటర్లో ఫ్లెక్సీలు వేసే షాపు అతనిది. తెలుగు అక్షరాలను కంప్యూటర్లో సాగదీయడం, వంచడం అతనికి బాగా తెలుసు. మెషిన్‌కు అర్థమయ్యేలా అక్షరాన్ని గీతగా మార్చడం నాకు నేర్పింది అతనే. ఆ మేలు నేను మరవలేదు. మేలైనా కీడైనా మరిచే అలవాటు నాకు లేదు. వాళ్ళ గృహప్రవేశానికి వేసిన పెద్ద ఫ్లెక్సీలో బంధువులందరూ నిండుగా ఉండి, చివర నిలబడ్డ నాకు మాత్రం సగం మొహమే మిగిలింది. అడిగితే సైజు కుదరలేదన్నాడు. వాళ్ళ మేనత్తగారి పెంపుడు కుక్కకు మాత్రం కుదిరింది.

పాత మందిరం పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ఆవరణలోని కొబ్బరిచెట్లు కొట్టేయాల్సి వచ్చింది. వాటి చెక్కతోనే ప్రసంగపీఠం ముందు పలక చేయించాలని సంఘంలో అనుకున్నారు. నాకు ఆ మాట విన్నప్పటి నుంచి కుదురు లేదు. పాత మందిరం కట్టేటప్పుడు మా తాత ఇటుకలు మోశాడు. అప్పట్లో మావాళ్ళకు ఇవ్వడానికి రెక్కలు తప్ప ఇంకేమీ లేవు. ఇచ్చినవాళ్ళ పేర్లు గోడ మీద రాతిలో ఉండేవి. మోసినవాళ్ళవి లేవు. నాకు పేరు అక్కర్లేదు. మా ఇంటి చేతి పని ఒకటి ఆ గోడల మధ్య ఉంటే చాలనుకున్నాను.

సంఘ పెద్ద రిటైరైన తాసీల్దారు. వరసకు బాబాయిగారు అంటాను. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆయనను ఆపి, పలక మీద వాక్యం నేను చెక్కి ఇస్తానని చెప్పాను. ఆయన తల ఊపి "ఆయ్" అన్నారు. నేను ఇంటికి వెళ్ళి మెషిన్ తుడిచాను.

కొబ్బరి చెక్క టేకులాంటిది కాదు. మెత్తటి చెక్కలో సూదుల్లాంటి నల్లటి గట్టి పీచు నిలువునా దిగి ఉంటుంది. బిట్ మెత్తటిదాన్ని ఇట్టే కోసేస్తుంది. పీచు మాత్రం తెగకుండా పక్కకు వంగి, బిట్ దాటగానే మళ్ళీ లేచి నిలబడుతుంది. దానికి తోడు మన అక్షరాలు గుండ్రం. గుండ్రంగా తిరిగేటప్పుడు బిట్ ఒకచోట పీచు వెంట పోతుంది, ఒకచోట అడ్డం పడుతుంది, ఒకచోట ఎదురు దువ్వుతుంది. ఎదురు దువ్విన చోటల్లా అంచు చిరుగుతుంది.

వాక్యంలో చివరి మాట "నెమ్మది". గుండ్రాలూ ఉన్నాయి, కింద చిన్న వత్తూ ఉంది, కాబట్టి దానితోనే ప్రయత్నం మొదలుపెట్టాను. మొదటి ముక్క బయటికి తీస్తే అక్షరాలు కనబడలేదు. గుబురుగా పీచు. మకారం వత్తు విరిగి పొడిలో పోయింది. మా బావమరిది పక్కనే ఉన్నాడు. ముక్కను వెలుతురులోకి పట్టి చూశాడు.

"తెలిసిన మాటేనండి బావగారూ, క్షవరం చేయిస్తే పోల్చుకోవచ్చు" అన్నాడు.

నేనూ నవ్వాను. అప్పుడు మా ఇద్దరిదీ ఒకటే పని అనుకున్నాను.

ఆ తర్వాత ఎండాకాలం సెలవులన్నీ ఆ పాకలోనే గడిచాయి. మామూలు బిట్ పొడిని పైకి లాగుతుంది, పొడితో పాటు పీచునూ లేపుతుంది. అందుకని పొడిని కిందికి నొక్కే బిట్ తెప్పించాను. చెక్క మీద ముందుగా లక్క పాలిష్ పలచగా పూసి ఆరనిస్తే పీచు బిగుసుకుంటుందని తెలుసుకున్నాను. కరెంటు పోయి మెషిన్ మధ్యలో ఆగి, మళ్ళీ వచ్చాక వేరే చోట దిగి పాడుచేసిన ముక్కలు పొయ్యిలోకి పోయాయి. అన్నీ చేసినా గుండ్రాల దగ్గర కొంచెం నూగు మిగిలేది.

దాని మర్మం బిట్ నడిచే దిక్కులో ఉందని చివరికి తెలిసింది. ఒక దిక్కున నడిపిస్తే బిట్ పీచును లేపుతూ కోస్తుంది. రెండో దిక్కున నడిపిస్తే నొక్కుతూ కోస్తుంది గాని, నాలాంటి చిన్న మెషిన్‌ను తనతో లాక్కుపోయి వణికిస్తుంది. కాబట్టి మొదట మామూలు దిక్కున తవ్వుకుంటూ వచ్చి, అంచు దగ్గర కాగితం మందం వదిలేయాలి. ఆఖరి చుట్టు మాత్రం దిక్కు మార్చి, ఆ కాగితం మందాన్ని నెమ్మదిగా తీసేయాలి. అలా చేసిన రోజు "నెమ్మది" శుభ్రంగా వచ్చింది. బొటనవేలు అంచు మీద ఎటు రుద్దినా ఎక్కడా పీచు తగల్లేదు. మకారం కింద వత్తు గోరంత ఉండి కూడా నిలబడింది.

మా బావమరిదిని పిలిచి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, ఏ తేడా ఎందుకు వచ్చిందో అంతా చెప్పాను. పిల్లలకు లెక్క చెప్పినట్టు, అర్థమైందా అని ఆగి ఆగి చెప్పాను. అతను ఎంతో శ్రద్ధగా విన్నాడు. వత్తు ఇంకొంచెం లావు చేస్తే బాగుంటుందని, ఫైలు ఇస్తే సరిచేసి తెస్తానని అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. పోతూ పోతూ పీచు లేచిన ముక్క కూడా తీసుకున్నాడు. షాపులో పెట్టుకుని అప్పుడప్పుడూ నవ్వుకుంటాడట. అదీ ఇచ్చాను.

పలక చెక్క సంఘ పెద్దగారి ఇంట్లో ఆరుతోంది. పంపమని అడిగినప్పుడల్లా ఇంకా తడి ఆరలేదనేవారు. ఒక పొద్దున్న నేను స్కూలుకు బయల్దేరుతూ తమ్ముడు ఈమధ్య కనబడలేదేమని మా ఆవిడను అడిగాను.

"పలక పట్టుకుని మండపేట వెళ్ళేడు కదండి. అక్కడ తలుపులు చెక్కే పెద్ద మెషిన్ ఉందంట" అంది, పెసరట్టు తిరగేస్తూ.

"ఏ పలక?"

ఆవిడ అట్లకాడ పట్టుకున్న చెయ్యి ఆగింది. "మీకు చెప్పలేదా వాడు? నేను మీకు తెలుసనుకున్నాను."

తెలుసనుకుంటే ఆ చెయ్యి ఎందుకు ఆగాలి? ఇది నేను ఆవిడను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం సంఘ పెద్దగారింటికి వెళ్ళాను. మర్యాదగా కూర్చోబెట్టారు. కొబ్బరినీళ్ళు ఇచ్చారు. విషయం అడిగితే లోపలికి వెళ్ళి, టీవీ పక్కన గూట్లోంచి ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. పీచు లేచిన "నెమ్మది".

"మీ బావమరిది గారు తెచ్చేరండి. మీ పనేనంట కదా. ఏమనుకోకండి మాస్టారూ, దేవుడి మందిరం కదండి, జనం చూస్తారు. మీరు మంచి మనసుతోనే చేస్తానన్నారు, కాదనను."

"నేను చేస్తానంటే మీరు ఆయ్ అన్నారు కదండి బాబాయిగారూ."

"ఆయ్. అన్నానండి." ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనబడింది. "మీరు చెప్పింది విన్నానని అన్నాను. సరే అనలేదు కదండి."

ఇది మొదటి ప్రయత్నమని, మంచిది ఇంట్లో ఉందని చెప్పాను. ఆయన మళ్ళీ "ఆయ్" అన్నారు. అప్పుడే తెచ్చి చూపించి ఉండాల్సింది. కానీ బావమరిది నోటితోనే చెప్పించాలని నాకు పట్టుదల పుట్టింది. పాడుచేసినవాడే బాగుచేయాలి. ఆ ముక్క అడిగి తీసుకుని నేరుగా అతని షాపుకు వెళ్ళాను.

మెషిన్ మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ దిగుతోంది. నా చేతిలో ముక్క చూసి కూడా అతను కుర్చీ తెప్పించాడు. అందుకే నాకు ఇంకా మండింది. కొబ్బరినీళ్ళు ఇచ్చి, కుర్చీలు వేసి మరీ ఇలాంటివి చేస్తారు మా వైపు. ఇంట్లో రెండు ముక్కలుంటే ఇదే ఎందుకు చూపించావని అడిగాను. వంకలు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"మంచిది చూపిస్తే మీకే ఇచ్చేస్తారు కదండి బావగారూ" అన్నాడు.

 ఆగకుండా మిగతాదీ చెప్పాడు. షాపు నడవడం కష్టంగా ఉందట. ఫ్లెక్సీల కాలం అయిపోతోందట. మండపేట మెషిన్ వాళ్ళతో కలిసి చెక్క మీద పేర్లు, బోర్డులు మొదలుపెట్టాలని చూస్తున్నాడట. మందిరంలో పలక అంటే రాజోలు నుంచి అప్పనపల్లి దాకా అందరి నోటా పడుతుందట.

"మీకు స్కూలు ఉంది. సరదాకి చేసుకుంటారు. మీరు ఒక్క అక్షరం చెక్కేలోపు నేను మందిరం అంతా చెక్కించేస్తాను" అన్నాడు. నన్ను నవ్వించడానికే అన్నాడు.

"ఆఖరి చుట్టు దిక్కు మార్చమని వాళ్ళకి చెప్పేవా?"

"చెప్పేనండి. మీరు నేర్పేరు కదా, మర్చిపోతానా?"

నేను అతణ్ణి ఒక్కటే కోరాను. పలక చేసుకుంటే చేసుకో, కానీ పెద్దాయన దగ్గరికి మంచి ముక్క పట్టుకెళ్ళి, అది బావగారి పని అని, ఈ పద్ధతి ఆయనదేనని చెప్పు అన్నాను. మందిర ప్రతిష్ఠ రానివ్వండి, ఆ రోజు అందరి ముందూ నేనే చెప్తాను అన్నాడు. నేను నమ్మాను. నమ్మినందుకు నా మీద నాకు కోపం లేదు. కోపమంతా అతని మీదే.

ప్రతిష్ఠ రోజు మందిరం నిండి బయట షామియానాలో కూడా కూర్చున్నారు. పలక మీద తెర తీశాక సంఘ పెద్దగారు మైకు అందుకున్నారు. ఇసుక తెచ్చినవాళ్ళ దగ్గర నుంచి భోజనాలు పెట్టినవాళ్ళ దాకా అందరికీ వందనాలు చెప్పి పలక దగ్గరికి వచ్చారు. "దీనికి ముందుగా మన మాస్టారుగారు ప్రయత్నం చేసేరండి. కుదరలేదు. వారి బావమరిది గారు పూనుకుని ఇంత అందంగా చేయించేరు" అన్నారు. చప్పట్లు కొట్టారు. అతణ్ణి పైకి పిలిచి శాలువా కప్పారు. మైకు అతని చేతికి ఇచ్చారు. దేవునికి స్తోత్రం అని, అక్కయ్యగారి ప్రార్థనే కారణం అని చెప్పి దిగిపోయాడు. దిగేటప్పుడు నావైపు చూడలేదు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అది ఎవరికోసమో నేను అడగలేదు.

అందరూ భోజనాలకు లేచాక నేను పలక దగ్గరికి వెళ్ళాను. తప్పు వెతకడానికే వెళ్ళాను, దాచడమెందుకు. ప్రతి గుండ్రం మీదా బొటనవేలు పెట్టి చూశాను. ఒక్క పీచు లేదు. వత్తు నిలబడింది. ఎక్కడైనా చిరిగి ఉంటే నాకు తేలికగా ఉండేది. నా చేతి పని ఎలా ఉంటుందనుకున్నానో అది అచ్చం అలాగే ఉంది. అందులో నా చెయ్యి మాత్రం లేదు.

ఒక వారం ఆగాను, అతను వస్తాడేమోనని. తర్వాత నేనే మంచి ముక్కను కండువాలో చుట్టుకుని సంఘ పెద్దగారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. అక్షరాల అంచుల మీద వేలు నడిపించారు. మకారం వత్తు దగ్గర వేలు ఆపి, మళ్ళీ వెనక్కి తెచ్చి రుద్దారు. నేను ఇన్నాళ్ళూ చూడాలనుకున్నది ఆ వేలు అక్కడ ఆగడమే.

"ఎంత నున్నగా ఉందండి" అన్నారు. "మీ బావమరిది గారు చేసేరా?"

నేనే చేశానన్నాను. పలక కంటే ముందే చేశానన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసిన పిల్లవాణ్ణి నేను ఎలా చూస్తానో అలా చూశారు.

"ఎవరు చేస్తే ఏంటండి మాస్టారూ, ఇంట్లోవాళ్ళే కదా" అన్నారు. "ఇది ఇక్కడే ఉంచండి, గూట్లో పెట్టుకుంటాను. వచ్చినవాళ్ళకి మీ బావమరిది గారి పని అని చూపించొచ్చు."

ముక్క ఇచ్చేయమని చెయ్యి చాపాను. ఆయన పరాచికం అనుకుని వదల్లేదు. లాక్కోవాల్సి వచ్చింది.