కనబడని ముప్పావు

మా బాబాయికి ఫొటో స్టూడియో ఉంది. ముఖాల మీద మచ్చలు తుడిచేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన మనసులో మచ్చ పడితే మాత్రం దాన్ని తుడవడం ఎవరి తరమూ కాదు. ఇంకో గుణం కూడా ఉంది. ‘నాకు తెలీదు’ అనే మాట ఆయన నోట రాదు. ఎవరైనా దారి అడిగితే, తనకు తెలియని వీధికైనా సరే ధీమాగా చెయ్యి చూపించి పంపిస్తాడు.

గంతకు తగ్గ బొంత అన్నట్టు, అలాంటి స్నేహితుడే దొరికాడు. ఎదురు వరసలో కంప్యూటర్ విడిభాగాల కొట్టు ఆయనది. మేం ఆయన్ని మామయ్య అనేవాళ్లం. రోజూ సాయంత్రం ఇద్దరూ స్టూడియోలో ఒకే బల్ల మీద కూర్చుని, టీ తాగుతూ, తమకు తెలియని విషయాలన్నిటి గురించీ గట్టిగా వాదించుకునేవారు. “వీళ్లు చెప్పేది విని నా గ్లాసులు కూడా పగులుతున్నాయి” అనేది పిన్ని.

గొడవ బాబాయి కంప్యూటర్ దగ్గర మొదలైంది. పెద్ద గ్రూప్ ఫొటో తెరిస్తే చాలు, అది మొరాయించేది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు కనబడి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చేసరికి టీ చల్లారిపోయేది. మెమరీ పెంచాలన్నాడు మామయ్య. రెండు కొత్త ముక్కలు తెచ్చి, తనే పెట్టె విప్పి బిగించాడు. రెండూ కలిపి నాలుగు జీబీ. ఆన్ చేస్తే తెర మీద మూడుంపావు అని పడింది.

“ముప్పావు ఏదిరా?” అన్నాడు బాబాయి.

మామయ్యకూ తెలియదు. ఆ ఒక్క మాట అనేస్తే పోయేది. “కొత్త చెప్పుల్లాంటిదిరా ఇది. వాడగా వాడగా సాగుతుంది” అన్నాడు.

బాబాయి రోజూ పొద్దున్నే తెర తుడిచి మరీ చూసుకున్నాడు. సాగలేదు. మామయ్య ముక్కలు మార్చి వేరేవి పెట్టాడు. మళ్లీ మూడుంపావే. అప్పుడు బాబాయి తిన్నగా మామయ్య కొట్టుకి వెళ్లి, నలుగురూ చూస్తుండగా, “దొంగ సరుకు అంటగట్టడానికి నేనే దొరికానా?” అనేశాడు. ఆ సాయంత్రం నుంచి మామయ్య టీకి రావడం మానేశాడు.

తర్వాత ఏళ్లు గడిచాయి. బాబాయి చిన్న వైరు కావాలన్నా బస్సులు మారి వెళ్లేవాడు గానీ, రోడ్డు దాటేవాడు కాదు. మామయ్య పాస్‌పోర్ట్ ఫొటో ఇంకెక్కడో దిగాడు. అందులో ఒక్క చెవే పడిందని పిన్ని ఎవరి దగ్గరో విని వచ్చి చెబితే, బాబాయి రోజంతా గింజుకున్నాడు. “వాణ్ని కాస్త ఎడమకి తిప్పి కూర్చోబెట్టాలి. ఆ తీసినవాడికి ఆ మాత్రం తెలీదా?” అన్నాడు. “వెళ్లి మీరే తియ్యరాదూ” అని పిన్ని అంటే, వినబడనట్టు కెమెరా తుడుచుకున్నాడు.

వేరే కొట్టులో కొన్న ముక్కలు పెట్టినా కంప్యూటర్ మూడుంపావే అంది. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి ఆలోచించేవారు. మా బాబాయి మాత్రం, “అందరూ ఒక తాను ముక్కలే” అని తేల్చేశాడు.

మొన్నీమధ్య ప్రింటర్ బాగుచేయడానికి వచ్చిన అమ్మాయి ఆ తెర చూసి నవ్వింది. “అంకుల్, మీ సిస్టమ్ పాతది. మెమరీలో ప్రతి గదికీ ఓ ఇంటి నంబరు కావాలి. దీని దగ్గర నాలుగు జీబీకి సరిపడా నంబర్లే ఉంటాయి. వాటిలో కొన్ని డిస్‌ప్లే కార్డుకీ, మిగతా భాగాలకీ ముందే ఇచ్చేస్తుంది. నంబరు అందని మెమరీ లోపలే ఉంటుంది, దీనికి కనబడదంతే. ఎక్కడ కొన్నా ఇంతే” అంది.

“నాకు తెలుసమ్మా” అన్నాడు బాబాయి, అలవాటు కొద్దీ. ఆ అమ్మాయి వెళ్లాక అన్నం ముట్టలేదు.

ఆ వారంలోనే మామయ్య కొట్టు ఎత్తేసి వేరే ఊరు వెళ్లిపోతున్నాడని తెలిసింది. సామాను కదిలే రోజు పొద్దున, “ఇవాళ వెళ్లకపోతే ఇంక ఆ మనిషిని చూడలేరు” అంది పిన్ని. బాబాయి నన్ను తోడు తీసుకెళ్లాడు. ఏదైనా తేడా వస్తే నా మీదికి నెట్టేయొచ్చు కదా.

కొట్టు నిండా అట్టపెట్టెలు. బాబాయి గుమ్మంలో నిలబడే ఇంటి నంబర్ల కథంతా తనే కనిపెట్టినట్టు ఒప్పజెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, “తప్పు నాదేరా” అన్నాడు.

మామయ్య పెట్టెకి టేపు అంటిస్తూనే ఉన్నాడు. “నువ్వొచ్చి అరిచిన మర్నాడే నాకు తెలిసింది. కంపెనీకి ఫోన్ చేస్తే చెప్పారు.”

“మరి నాకు చెప్పలేదేంరా?”

“దొంగన్నావు కదా. రుజువు చూపిస్తే ఎవడైనా నమ్ముతాడు. నువ్వు ఊరికే నమ్ముతావేమోనని చూశాను. రుజువు దొరికాకే వచ్చావు.”

ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పే మనిషి అలా తల దించుకుని నిలబడితే నాకు ఏడుపొచ్చింది. మామయ్య గోడ పక్కనున్న ఇనప ర్యాకు వైపు నడిచి, “ఆ చివర పట్టుకో. ఒక్కణ్నే కదపలేకపోతున్నా” అన్నాడు.

ఆ రోజు స్టూడియో తెరవలేదు. పోవద్దని అడిగే హక్కు తనకు లేదని బాబాయికి తెలుసు. సాయంత్రం దాకా వ్యాను పక్కనే నిలబడి, స్నేహితుడి సామానంతా తన చేతులారా ఎక్కించాడు.